బల్ల దగ్గర తేలే ప్రేమ

ఎవరినీ నొప్పించకపోవడమే ప్రేమ అన్న అభిప్రాయం మన సంఘాల్లో బాగా పాతుకుపోయింది. క్రొత్త నిబంధనలో దానికి ఆధారం దొరకదు. కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 13వ అధ్యాయాన్ని పెళ్లిళ్లలో చదువుకుంటాం గాని, సత్యాన్ని బట్టి సంతోషించడం కూడా ప్రేమ లక్షణమేనని పౌలు అక్కడ చెప్పిన సంగతి దగ్గర ఆగం. అందులో ఎంత బరువుందో అంతియొకయలో ఆయన నడిచిన తీరు చూస్తే తెలుస్తుంది. పేతురు అక్కడ అన్యజనులైన విశ్వాసులతో కలిసి భోంచేసేవాడు. యెరూషలేము సంఘ పెద్ద యాకోబు దగ్గర నుంచి కొందరు యూదు విశ్వాసులు రాగానే వాళ్లకు జడిసి, ఆ పంక్తి మానుకున్నాడు. బర్నబా అంతటివాడు కూడా అదే దారి పట్టాడు. పౌలు అందరి ఎదుటే పేతురును నిలదీశాడు.

ప్రేమ పాపాలను కప్పుతుందని పేతురు పత్రికే అంటుంది కదా, ముందు ఒంటరిగా చెప్పమని మత్తయి సువార్త 18వ అధ్యాయం అంటుంది కదా అని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. నాకు జరిగిన అపకారాన్ని నేను కప్పుకోవచ్చు. పక్కవాడికి జరిగినదాన్ని కప్పే హక్కు నాకెక్కడిది? పేతురు తప్పుకున్నప్పుడు చిన్నబోయినవాళ్లు ఆ అన్యజనులు. అవమానం బహిరంగంగా జరిగాక దిద్దుబాటు చాటుగా జరిగితే అది వాళ్లదాకా చేరదు.

1910లో ఎడింబరో మిషనరీ మహాసభలో, దోర్నకల్ మిషనులో పనిచేస్తున్న వేదనాయకం శామ్యూల్ అజరయ్య పౌలు చేసిన పనే చేశారు. మిషనరీల త్యాగాన్ని మనస్ఫూర్తిగా ఒప్పుకున్నారు. మంచి స్నేహితులూ ఉన్నారన్నారు. ఆ తర్వాత, భారతీయ సహోద్యోగులతో వాళ్లకు స్నేహం కొరవడిందని, ఆస్తినీ ప్రాణాన్నీ ఇచ్చినవాళ్లను ఇక ప్రేమ కూడా ఇమ్మని అడుగుతున్నామని ఆ 13వ అధ్యాయం భాషలోనే చెప్పారు. చాలామందికి అది రుచించలేదు.

సత్యం పేరుతో ఎదుటివాణ్ని చితకబాదేవాళ్లు లేరా? ఉన్నారు, ప్రేమతోనే చెబుతున్నామని కూడా అంటారు. వాళ్లను గుర్తుపట్టాలంటే, చెప్పాక ఏం కోరుతున్నారో చూడాలి. అజరయ్య స్నేహం కోరారు. 1912లో ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్పై, 1945లో కన్నుమూసేదాకా ఆ మిషనరీలతోనే కలిసి పనిచేశారు. అయితే ఇలా స్నేహం కోరాలన్నదాన్ని దెబ్బలు తినేవాళ్ల మీద షరతుగా పెట్టకూడదు. ఇంట్లో హింస పడుతున్న స్త్రీ నిజం చెప్పి బయటికి నడిస్తే, ఆమెలో ప్రేమ లేదనడానికి ఎవరికీ నోరు రాకూడదు.

అజరయ్య డయోసిస్‌లో విశ్వాసులు ఎక్కువమంది మాలలు, మాదిగలు. ఎడింబరోలో తెల్లవాళ్లకు వేసిన ప్రశ్న మన పేటల మధ్య కూడా వేయవలసిందే. ఒకే ప్రభువు బల్ల దగ్గర రొట్టె తీసుకున్నవాళ్లం సంబంధాల దగ్గరికొచ్చేసరికి కులం అడుగుతున్నాం. సంఘ చరిత్రలు రాసేటప్పుడు ఐక్యత పేరుతో ఆ సంగతి దాటేస్తున్నాం. ఆ చరిత్రలు రాసేవాళ్లకు నా మనవి ఒక్కటే: ఎన్ని బడులు, ఎన్ని ఆసుపత్రులు కట్టారో రాసేచోటే, ఏ ఊళ్లో ఎవరు ఎవరింట తిన్నారో, ఎవరు ఎవరికి పిల్లనిచ్చారో, ఎవరు నిరాకరించారో అదీ రాయండి.