ఒకే బాకీ, మూడు లెక్కల పుస్తకాలు

(న్యూజెర్సీలో జరిగిన మన ఫోరం సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



శనివారం పూట పిల్లల క్లాసులు, ఇంటి పనులు పక్కన పెట్టి ఇంతమంది వచ్చినందుకు ముందుగా కృతజ్ఞతలు. "ఉన్నత విద్యలో ఆర్థిక నిర్వహణ" అని టాపిక్ పేరు చూసి సగం మంది రారేమో అనుకున్నాను. నేను చార్టర్డ్ అకౌంటెంటును కాదు. పొద్దున లేస్తే కోడ్ రాసుకునేవాణ్ణి. అయినా ఈ విషయం మాట్లాడటానికి నాకు ఒక అర్హత ఉంది. ఉమ్మడి రాష్ట్రంలో ఫీజు రీయింబర్స్‌మెంట్ పథకం 2008లో పెద్ద ఎత్తున మొదలైనప్పుడు, దాని మీద ఇంజనీరింగ్ చదివిన తొలి బ్యాచ్ పిల్లల్లో నేనొకణ్ణి.

ఆ పథకం లేకపోతే నేను ఈ రోజు మీ ముందు నిలబడి ఉండేవాణ్ణి కాదు. మా బాపుకు రెండెకరాల పొలం. ఆ సంగతి ముందే చెబుతున్నాను, ఎందుకంటే ఇప్పుడు నేను చెప్పబోయేది పథకానికి వ్యతిరేకం అని ఎవరూ అనుకోవద్దు.

2012లో నా బీటెక్ అయిపోయింది. సర్టిఫికెట్ల కోసం కాలేజీకి పోతే, "మీ ఆఖరు సంవత్సరం ఫీజు గవర్నమెంటు నుంచి రాలేదు, కట్టి తీసుకుపో" అన్నారు. మా బాపు నూటికి రెండు రూపాయల మిత్తికి తెచ్చి కట్టిండు. కొన్నాళ్లకు ప్రభుత్వం సొమ్ము విడుదల చేసింది. తిరిగి ఇమ్మని అడిగితే "అకౌంటులో అడ్జస్ట్ అయ్యింది" అన్నారు. ఏ అకౌంటులో, ఎవరి అకౌంటులో అని అడిగే తెలివి అప్పుడు మాకు లేదు.

పోయిన నెల మా చిన్నమ్మ కూతురు ఫోన్ చేసింది. "అన్నా, ఈపాస్‌ల శాంక్షన్ అయిందనే చూపిస్తుంది. కాలేజోళ్లేమో పైసలు కడితేనే మెమోలు ఇస్తమంటున్నరు. జాయినింగ్ డేటు దగ్గరికొచ్చింది, ఏం చెయ్యాలె?" అని. పద్నాలుగేళ్లు గడిచాయి. ముఖ్యమంత్రులు మారారు, రాష్ట్రం రెండయింది, దరఖాస్తు ఫోనులోకి వచ్చింది. కానీ ఆ కౌంటర్ దగ్గర మాట మాత్రం మారలేదు. ఎందుకు మారలేదు అన్నదే ఈ రోజు నా ప్రశ్న.

మామూలుగా మనం ఇచ్చే జవాబు "ప్రభుత్వం దగ్గర డబ్బు లేదు" అని. అది కొంత నిజం. కానీ నాకు అర్థమైనంత వరకు, డబ్బు కొరత ఒక్కటే అయితే ఇన్నేళ్లు ఇలా సాగదు. ఇది లెక్కలు రాసే పద్ధతిలో ఉన్న లోపం. ఒకే బాకీని మూడు పుస్తకాల్లో మూడు రకాలుగా రాస్తున్నాం.

మొదటిది ప్రభుత్వం పుస్తకం. మన దేశంలో ప్రభుత్వ ఖాతాలు నగదు పద్ధతిలో నడుస్తాయి. అంటే డబ్బు ఖజానా నుంచి బయటికి పోయిన రోజే అది ఖర్చు. పిల్లవాడు సంవత్సరమంతా చదివాడు, పరీక్ష రాశాడు, సంక్షేమ శాఖ మంజూరు చేసింది, బిల్లు ట్రెజరీకి పోయింది, టోకెన్ నంబరు కూడా పడింది. అయినా డబ్బు కదలలేదు కాబట్టి ఆ ఏడాది ఖర్చులో అది కనపడదు. మన భాషలో చెప్పాలంటే చెకింగ్ అకౌంట్ బ్యాలెన్సు చూసుకుని, క్రెడిట్ కార్డు బిల్లు సంగతి మరిచిపోవడం. మార్చి 31 నాటికి వాడని బడ్జెట్ మురిగిపోతుంది. కొత్త ఏడాది వచ్చే డబ్బు పాత బకాయికి పోతుంది, కొత్త ఏడాది ఫీజు మళ్లీ బకాయి అవుతుంది. బడ్జెట్ పుస్తకంలో కేటాయింపు ఘనంగా కనిపిస్తుంది. అందులో ఎంత విడుదలైంది, ఎన్నేళ్ల పాత బాకీ ఎంత అన్నది ఆ పేజీలో ఉండదు.

రెండోది కాలేజీ పుస్తకం. అక్కడ అదే సొమ్ము "రావలసిన బాకీ". ఆస్తి కిందే లెక్క. కానీ ఆ ఆస్తితో లెక్చరర్‌కు జీతం ఇవ్వలేం, కరెంటు బిల్లు కట్టలేం. ఒక ఉదాహరణ చెబుతాను. తెలంగాణలో పదివేల లోపు ర్యాంకు రాని బీసీ, ఈబీసీ ఇంజనీరింగ్ విద్యార్థులకు సాధారణంగా ప్రభుత్వం ఇచ్చేది ఏడాదికి 35,000 వరకు. అలాంటి పిల్లలు వెయ్యి మంది ఉన్న కాలేజీకి రావలసింది 3.5 కోట్లు. అది ఒక్క ఏడాది ఆగి, కాలేజీ 12 శాతం వడ్డీకి అప్పు తెచ్చుకుంటే వడ్డీయే 42 లక్షలు. నెలకు 40 వేల జీతం అనుకుంటే దాదాపు తొమ్మిది మంది లెక్చరర్ల ఏడాది జీతం అది. ఆ తొమ్మిది మందిని ఎవరు తీసేశారు? ఎవరూ ఆర్డర్ ఇవ్వలేదు. ఆలస్యమే తీసేసింది.

మూడోది విద్యార్థి ఇంటి పుస్తకం. దాన్ని ఎవరూ రాయరు, అది అమ్మ పుస్తెలతాడు కుదువ పెట్టిన రసీదులో ఉంటుంది. ప్రభుత్వం "మేం మంజూరు చేశాం" అంటుంది. కాలేజీ "మాకు రాలేదు" అంటుంది. ఈ ఇద్దరి మధ్య ఉన్న బాకీకి తాకట్టు మాత్రం పిల్లవాడి ఒరిజినల్ సర్టిఫికెట్లు. అప్పు ప్రభుత్వానిది, తాకట్టు పిల్లవాడిది. ఇది ఏ అకౌంటింగ్ పాఠంలోనూ లేదు.

ఒరిజినల్ సర్టిఫికెట్లు విద్యాసంస్థలు తమ దగ్గర ఉంచుకోకూడదని యూజీసీ 2018లోనే నోటిఫికేషన్ ఇచ్చింది. ఏఐసీటీఈ కూడా అదే చెబుతుంది. రూలు ఉంది. కానీ కౌంటర్ అవతల కూర్చున్న గుమస్తాకు రూలు కన్నా యాజమాన్యం మాట పెద్దది.

ఆంధ్రప్రదేశ్‌లో వేరే దారి ప్రయత్నించారు. విద్యాదీవెన పేరుతో 2021లో డబ్బును తల్లుల ఖాతాల్లో వేయడం మొదలుపెట్టారు. తల్లి చేతికి డబ్బు వస్తే కాలేజీని నిలదీసి అడుగుతుందన్నది ఆలోచన. మంచి ఆలోచనే. కానీ విడత ఆలస్యమైనప్పుడు కాలేజీ తగాదా నేరుగా తల్లితోనే అయింది. 2024లో ప్రభుత్వం మారాక మళ్లీ కాలేజీ ఖాతాకే వేయాలని నిర్ణయించారు. డబ్బు ఎవరి ఖాతాలో పడాలన్న దాని మీద ఎంతో చర్చ జరిగింది. ఏ తేదీకి పడాలి, పడకపోతే ఎవరు జవాబుదారీ అన్న చర్చ అంతగా జరగలేదు.

తెలంగాణలో 2025 నవంబరులో ప్రైవేటు కాలేజీలు బకాయిల కోసం మూతపడ్డాయి. కొన్ని రోజులకు చర్చలు జరిగాయి, కొంత విడుదల చేస్తామన్నారు, కాలేజీలు తెరిచారు. గమనించండి, బకాయి మొత్తం ఎంత అన్నదాని మీద మనకు పేపర్లలో రకరకాల అంకెలు కనపడ్డాయి. ప్రతి విద్యార్థి వివరం ఈపాస్‌లో ఉంది. దరఖాస్తు నంబరు ఉంది, మంజూరు తేదీ ఉంది, బిల్లు నంబరు ఉంది. మనలాంటి వాళ్లకు తెలుసు, ఆ డేటా నుంచి కాలేజీ వారీగా, సంవత్సరం వారీగా బకాయి రిపోర్టు తీయడం ఒక మధ్యాహ్నం పని. టెక్నాలజీ లేక ఆగలేదు, చూపించాలన్న ఉద్దేశం లేక ఆగింది.

ఇక్కడ ఒక మిత్రుడు నన్ను తప్పకుండా అడుగుతాడు: "కాలేజీలు మాత్రం తక్కువ తిన్నాయా? గోడలు లేని ల్యాబులు, కాగితం మీద లెక్చరర్లు. వాళ్లకెందుకు కట్టాలి?" అని. న్యాయమైన ప్రశ్నే. 2014లో జేఎన్టీయూ హైదరాబాద్ సౌకర్యాలు లేవని వందకు పైగా కాలేజీలకు అఫిలియేషన్ నిరాకరించిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. ఫీజు నిర్ణయించే పద్ధతిలో కూడా చిక్కు ఉంది. సుప్రీంకోర్టు 2002లో టీఎంఏ పాయ్ కేసులో ప్రైవేటు కాలేజీలకు ఫీజు విషయంలో స్వేచ్ఛ ఇస్తూనే లాభాపేక్ష, క్యాపిటేషన్ ఫీజు కూడదన్నది. 2003 తీర్పుతో రాష్ట్రాల్లో ఫీజు కమిటీలు వచ్చాయి. కాలేజీ తన ఆడిట్ చేసిన ఖర్చులు చూపిస్తుంది, దాన్ని బట్టి మూడేళ్లకు ఫీజు ఖరారవుతుంది. ఖర్చు ఎక్కువ చూపిస్తే ఫీజు ఎక్కువ వస్తుందని తెలిశాక, తక్కువ ఖర్చుతో బాగా నడిపేవాడికి బహుమానం ఏముంది? తెలంగాణలో 2025లో కొత్త బ్లాకు ఫీజులు ఖరారు చేయకుండా 2025-26కు పాత ఫీజులే కొనసాగించారు. కొన్ని కాలేజీలు కోర్టుకు పోయాయి. చూపించిన లెక్కల మీద నమ్మకం లేకపోతే కథ ఇట్లాగే కోర్టుకు పోతుంది.

కానీ దొంగ కాలేజీకి శిక్ష ఆడిట్‌తో వేయాలి, ఆలస్యంతో కాదు. ఆలస్యం ముందుగా దెబ్బ తీసేది నిజాయితీగా నడిపేవాణ్ణి. దొంగవాడికి బతికే దారులు తెలుసు, పిల్లల దగ్గర వసూలు చేసుకుంటాడు.

ప్రభుత్వ యూనివర్సిటీల సంగతి ఇంకో రకం. 1918లో పుట్టిన ఉస్మానియా, 1926లో పుట్టిన ఆంధ్ర విశ్వవిద్యాలయం లాంటి పాత సంస్థలకు ప్రభుత్వం ఇచ్చే బ్లాక్ గ్రాంటులో పెద్ద భాగం జీతాలకు, పెన్షన్లకే పోతుంది. రిటైరైన ప్రొఫెసర్‌కు పెన్షన్ ఆయన హక్కు. అందులో తప్పు లేదు. తప్పేమిటంటే, రాబోయే ఇరవై ఏళ్లలో ఎంత పెన్షన్ కట్టాలో ముందే లెక్కగట్టి, దానికి విడిగా నిధి పెట్టుకోకపోవడం. ఫలితం ఏమిటో అక్కడ చదివిన వాళ్లకు తెలుసు. రిటైరైన పోస్టు ఖాళీగా ఉండిపోతుంది, పార్ట్‌టైమ్ వాళ్లతో క్లాసులు నడుస్తాయి, లోటు పూడ్చడానికి సెల్ఫ్ ఫైనాన్స్ కోర్సులు, పరీక్ష ఫీజులు పెరుగుతాయి. పాత బాకీని కొత్త విద్యార్థి కడుతున్నాడు. కేంద్ర విద్యాసంస్థలకు 2015లోనే అక్రూవల్ పద్ధతిలో, అంటే కట్టవలసిన బాధ్యతలు కూడా చూపించే పద్ధతిలో, లెక్కల నమూనా నిర్దేశించారు. రాష్ట్ర యూనివర్సిటీలు అన్నీ ఆ బాట పట్టాలని మనం అడగాలి.

అమెరికాలో అంతా బాగుందని నేను చెప్పడం లేదు. ఇక్కడి స్టూడెంట్ లోన్ల సంగతి మనకు తెలియనిది కాదు. కానీ ఇక్కడ ఫెడరల్ సాయం తీసుకునే ప్రతి కాలేజీ తన ఆదాయం, ఖర్చు వివరాలు ఏటా ఐపెడ్స్ అనే వ్యవస్థకు ఇవ్వాలి. ఎవరైనా చూసుకోవచ్చు. లాభాపేక్ష లేని ప్రైవేటు యూనివర్సిటీల ఫారం 990 కూడా అంతే. మనం ఒక చిన్న చారిటీకి యాభై డాలర్లు ఇచ్చే ముందు ఫారం 990 చూస్తాం. మన ఊరి కాలేజీకి ప్రజల సొమ్ము కోట్లలో పోతుంటే ఒక్క కాగితం అడగం.

అందుకే మన ఫోరం తరఫున నాలుగు కోరికలు ముందు పెడుతున్నాను. వీటి మీద మీ అభిప్రాయం కావాలి.

ఒకటి, ప్రతి బడ్జెట్‌తో పాటు ఫీజు బకాయిల పట్టిక ప్రచురించాలి. ఏ ఏడాదిది, ఏ శాఖది, ఏ కాలేజీకి ఎంత అన్నది అందులో ఉండాలి. డబ్బు వెంటనే ఇవ్వలేకపోయినా ముందు అప్పును అప్పు అని ఒప్పుకోవాలి.

రెండు, చెల్లింపుకు గడువు ఉండాలి. 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం చిన్న పరిశ్రమకు 45 రోజులు దాటి బాకీ పెడితే వడ్డీ కట్టాలి. మేకులు అమ్మినవాడికి ఉన్న ఆ రక్షణ పాఠం చెప్పినవాడికి ఎందుకు ఉండకూడదు?

మూడు, ప్రభుత్వ సొమ్ము తీసుకునే ప్రతి కాలేజీ ఫీజు కమిటీకి ఇచ్చిన ఆడిట్ లెక్కలను తన వెబ్‌సైటులో పెట్టాలి. విద్యార్థి దగ్గర ముందే వసూలు చేసిన ఫీజు, ప్రభుత్వం డబ్బు రాగానే తిరిగి అతని ఖాతాకు పోవాలి. మా బాపు కట్టిన డబ్బు "అడ్జస్ట్" అయినట్టు ఇంకెవరిదీ కాకూడదు.

నాలుగు, సర్టిఫికెట్లు ఆపిన కాలేజీ మీద ఫిర్యాదు చేస్తే పది రోజుల్లో పరిష్కారం కావాలి.

మనం ఇక్కడి నుంచి చేయగలిగింది కూడా ఉంది. భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లు, గ్రీన్ కార్డు వచ్చినా సరే, సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు చేయవచ్చు. అమెరికా పౌరసత్వం తీసుకున్నవాళ్లకు ఆ హక్కు లేదు, వాళ్లు ఊళ్లో ఉన్న తమ్ముడితో, స్నేహితుడితో పెట్టించండి. ప్రభుత్వ నిధులతో గణనీయంగా నడిచే విద్యాసంస్థలు కూడా ఆ చట్టం పరిధిలోకి వస్తాయని డీఏవీ కాలేజీ కేసులో 2019లో సుప్రీంకోర్టు చెప్పింది. రీయింబర్స్‌మెంట్ మీద నడిచే కాలేజీలకు అది వర్తిస్తుందా అన్నది వాదించదగిన ప్రశ్న. మనలో లాయర్లు ఉన్నారు, ఆలోచించండి. ఇక పూర్వ విద్యార్థులుగా మనం కాలేజీకి కంప్యూటర్లు, బెంచీలు ఇస్తుంటాం. ఇవ్వండి, కానీ ఇచ్చే ముందు ఆ ఏడాది బ్యాలెన్స్ షీటు అడగండి. ఇవ్వనంటే కారణం అడగండి.

మా చెల్లెలి సంగతి ఏమైందని మీరు అడుగుతారు. యూజీసీ నోటిఫికేషన్ ప్రింటు తీసి, దరఖాస్తు రాసి, ప్రిన్సిపాల్ గారికి ఇచ్చి రసీదు తీసుకోమన్నాను. పట్టుకుపోయింది. రసీదు ఇవ్వలేదు గాని, మెమోలు ఇచ్చారు. టీసీ ఇంకా ఇవ్వలేదు. జాయిన్ అయింది, టీసీకి కంపెనీ వాళ్లు నెల గడువిచ్చారు. ఆ నెలలో ఇరవై రోజులు మిగిలాయి. ఆమెతో పాటు అదే లైనులో నిలబడ్డ మిగతా పిల్లలకు అమెరికాలో అన్న లేడు. వాళ్ల కోసమే ఈ నాలుగు కోరికలు.

 ప్రశ్నలుంటే అడగండి.