నావికుని వెండి పతకము

విక్టోరియా రాణి కాలమున బ్రిటిషు నౌకాదళములో పనిచేసిన నావికునకు రెండు విధములైన పతకములు లభించుచుండెడివి. అసాధారణ సాహసము చూపినవానికి ఇచ్చునది ఒకటి. ఒక యుద్ధమున పాల్గొన్నవారికెల్ల ఇచ్చునది మరియొకటి. ఈ రెండవది వెండితో చేసిన యుద్ధపతకము. దానిపై ఒకవైపున రాణి శిరస్సు, అంచున పొందినవాని పేరు ఉండును. పతకమును వ్రేలాడదీయు రిబ్బనుపై సన్నని వెండి పట్టీలు అమర్తురు. నావికుడు ఏ పోరాటమున నిలిచెనో దాని పేరు ఆ పట్టీపై కనబడును. కావున పతకమును చదువ నేర్చినవానికి అది ఒక జీవితచరిత్ర. అట్టి చరిత్రలలో మన దేశముతో సంబంధమున్న దానినొకదానిని ఈ ప్రసంగమున మేము చెప్పదలచితిమి.

విలియం హాల్ కెనడాలోని నోవా స్కోషియాలో జన్మించిన నీగ్రో జాతీయుడు. అతని తలిదండ్రులు అమెరికాలో బానిసత్వమునుండి బయటపడి, 1812 యుద్ధకాలమున అచటికి చేరినవారు. హాల్ బాల్యమున ఓడలు కట్టుచోట పనిచేసి, పిదప వర్తకనౌకలలో తిరిగి, 1852లో బ్రిటిషు నౌకాదళమున చేరెను. క్రిమియా యుద్ధమున అతడు ఓడ దిగి, గట్టుమీద ఫిరంగుల యొద్ద పోరాడెను. ఇంకర్మన్, సెబాస్టపోల్ అను రెండు పట్టీలు గల పతకము అప్పుడు లభించెను.

1857లో అతడు ‘షానన్’ అను యుద్ధనౌకలో నుండెను. చైనాకు బయలుదేరిన ఆ నౌకను, మన దేశమున తిరుగుబాటు చెలరేగుటచే, హాంగుకాంగునుండి కలకత్తాకు మరలించిరి. ఓడ లక్నోకు పోజాలదు గదా! అందుచే క్యాప్టన్ విలియం పీల్ ఓడలోని ఫిరంగులను దింపించి, ఆగస్టు నెలలో సుమారు 400 మంది నావికులతో బయలుదేరి, గంగానదిమీదుగా అలహాబాదు చేరెను. అచటినుండి ఫిరంగులను ఎద్దులచే లాగించిరి.

నవంబరు 16వ తేదీన లక్నోలో షా నజఫ్ ఎదుట ఘోరమైన పోరు జరిగెను. అది అయోధ్యా నవాబు ఘాజీ ఉద్దీన్ హైదరు సమాధి. దాని గోడలు మిక్కిలి దళమైనవి. 24 పౌనుల గుండ్లు వేయు ఫిరంగులను పీల్ ఆ గోడకు అతి సమీపమునకు తెచ్చెను. లోపలివారి తుపాకులకు నావికులు ఒకరి వెంట ఒకరు కూలిరి. తుదకు ఒక ఫిరంగి కడ హాల్, గాయపడిన లెఫ్టినెంటు థామస్ యంగ్ మాత్రమే మిగిలిరి. ప్రేలిన ప్రతిసారి ఆ ఫిరంగి వెనుకకు తన్నుకొనును. దానిని మరల ముందుకు నెట్టి, గొట్టము తుడిచి, మందు దట్టించవలయును. అనేకులు చేయదగిన ఆ పనిని వారిద్దరే సాగించిరి. ఆ సాయంకాలము షా నజఫ్ బ్రిటిషువారి వశమయ్యెను.

ఈ సాహసమునకు హాల్‌కు విక్టోరియా క్రాస్ లభించెను. నల్లజాతివారిలో దానిని పొందినవాడు అతడే మొదటివాడు. 1859 అక్టోబరు 28వ తేదీన ఐర్లండులోని క్వీన్స్‌టౌను రేవులో, ‘డొనెగల్’ నౌకపై దానిని అతనికి అలంకరించిరి. ఇదిగాక, భారతదేశపు యుద్ధపతకమును లక్నో పేరుగల రెండు పట్టీలతో పొందెను. తెల్లని రిబ్బనుపై రెండు ఎర్రచారలు గల ఆ పతకము రాజనౌకాదళమున ‘షానన్’, ‘పెరల్’ నావికులకు మాత్రమే దక్కినది.

మనము ఈ పతకమును ఎట్లు చూడవలయును? హాల్ ధైర్యమును తక్కువచేసి చెప్పుట న్యాయము కాదు. అయినను బానిసత్వమునుండి బయటపడినవారి కుమారుడు, పరపాలనను ఎదిరించినవారిపై ఫిరంగి నడపవలసివచ్చెను. ఓడ ఎచటికి పోయిన నావికుడు అచటికే పోవును. ఎన్నుకొను అధికారము అతనికి లేదు. అదే దినమున షా నజఫునకు సమీపముననే సికందర్ బాగులో సుమారు 2,000 మంది భారతీయులు హతులైరి. వారికి వెండి పతకము లేదు. పేరు చెక్కిన అంచు లేదు. వారితో పోరాడి మరణించినదని ప్రజలు చెప్పుకొను ఊదాదేవికి మాత్రము అచట ఒక విగ్రహము వెలసినది.

హాల్ 1876లో కొలువు విరమించి, స్వదేశమున తన సోదరీమణులతో వ్యవసాయము చేసికొని బ్రతికెను. 1901లో యార్కు డ్యూకు హాలిఫాక్సునకు వచ్చినప్పుడు పతకములన్నియు ధరించి ఊరేగింపున పాల్గొనెను. కాని 1904లో మరణించినప్పుడు అతని సమాధిపై ఒక రాయియైనను నిలుపలేదు. నాలుగు దశాబ్దముల పిమ్మట, 1945లో, అతని అస్థికలను హాంట్స్‌పోర్టునకు తరలించి గౌరవించిరి. నేడు కెనడా నౌకాదళమున ఒక నౌక అతని పేరు ధరించియున్నది.

పతకము ఒక మనుష్యుడు ఎచట నిలిచెనో చెప్పును; ఎవరి కొరకు నిలిచెనో, ఎదుట నిలిచినవారెవరో చెప్పదు. వస్తుప్రదర్శనశాలలో అట్టి వెండి బిళ్ల కంటబడినప్పుడు శ్రోతలు దాని అంచున గల పేరును చదువుదురు గాక. అచట చెక్కని పేర్లను గూర్చియు ఒక క్షణము తలంతురు గాక.