కంప్యూటరులో శబ్దము: వేరు కార్డు కొనవలెనా?

శ్రోతలలో కంప్యూటరు గలవారు మమ్ము తరచుగా అడుగు ప్రశ్న ఒకటి కలదు. కంప్యూటరుతోపాటు వచ్చిన శబ్దసాధనము చాలునా, వేరుగ సౌండ్ కార్డు కొనవలెనా? దుకాణమువారు కొనుమందురు. దానితో ఏమి చేయదలచితిరో ముందు చెప్పుడని మేమందుము.

ఒకప్పుడు ఈ ప్రశ్నకు తావే లేదు. 1981లో వెలువడిన ఐ.బి.ఎం. పి.సి. తన చిన్న స్పీకరుతో కీచుమనుట తప్ప విశేషముగ పలుక నేరదు. 1989లో క్రియేటివ్ సంస్థవారి సౌండ్ బ్లాస్టరు వచ్చిన పిదప, పాటకైనను ఆటకైనను అట్టి కార్డొకటి అవసరమయ్యెను. తరువాత ఇంటెల్ సంస్థ 1997లో ఏసీ 97 అను ప్రమాణమును, 2004లో హై డెఫినిషన్ ఆడియో అను ప్రమాణమును నిర్ణయించుటతో ఆ పని మదర్‌బోర్డు మీది చిన్న చిప్పునకు సంక్రమించెను.

కనుక వినుటకు మాత్రమే అయినచో వేరు కార్డు అక్కరలేదని మా అభిప్రాయము. కాంపాక్ట్ డిస్కులోని 16 బిట్ల ధ్వనిలో అతిమంద్రమైన శబ్దమునకును అత్యున్నతమైన దానికిని నడుమ అంతరము సుమారు 96 డెసిబెల్లులు. నేటి మంచి మదర్‌బోర్డులు ఈ మేర నందుకొనుచున్నవి, కొన్ని మించుచున్నవి. పైన ఫ్యాను తిరుగుచుండగా, వీధిలో కూరగాయల బండి కేక వినవచ్చుచుండగా, ఆ కడపటి డెసిబెల్లును విన్నవారెవరు? ఆ సొమ్ముతో మంచి స్పీకర్లు కొనుట మేలు.

రికార్డు చేయుట వేరు సంగతి. పలువురి ఇండ్లలో తాతగారి హరికథయో, అమ్మమ్మగారి పెండ్లిపాటలో నిక్షిప్తమైన పాత క్యాసెట్లుండును. టేపుమీది అయస్కాంతపు పూత శిథిలమైనచో అది మరియొకసారి మాత్రమే పలుకవచ్చును. అప్పుడు చేరిన రొద ఆ గొంతును ఇక విడువదు. రికార్డింగునకు మైక్రోఫోను నుండి వచ్చు విద్యుత్సంకేతము కొన్ని మిల్లీవోల్టులు మాత్రమే. దానిని పెంపుచేయునప్పుడు పెట్టెలోని ప్రాసెసరు, గ్రాఫిక్స్ కార్డు మొదలగువాని అలజడియు పెంపగును.

పరీక్ష సులభము. మైక్రోఫోను తగిలించి, నోరు మెదపక, ఒక నిమిషము రికార్డు చేయుడు. సగము కాలము మౌసును కదల్చుచుండుడు. పిదప ధ్వని హెచ్చించి హెడ్‌ఫోనుతో వినుడు. సన్నని 'సుయ్' మను సవ్వడికి వెరవ పనిలేదు. అది ఎచ్చటనైనను కొంత యుండును. మౌసు కదలికతో కిచకిచలు మారుచున్నచో మీ మదర్‌బోర్డు ఈ పనికి చాలదు. 'గుమ్' అను నాదము వినబడినచో, లాప్‌టాపు చార్జరు తీసివేసి మరల చూడుడు. అంతటితో పోయినచో దోషము 50 హెర్ట్‌జుల విద్యుత్తుది, ఎర్తుది. కార్డు మార్చినను అది తీరునను నమ్మకము లేదు.

కొనవలసివచ్చినచో పెట్టెలో అమర్చు కార్డుకన్న, యు.ఎస్.బి. తీగెతో వెలుపలనుండు సాధనమే మాకు నచ్చును. ఎంత కప్పుదల యున్నను లోపలి కార్డు ఆ అలజడి నడుమనే కాపురముండవలెను గదా! అదిగాక, కండెన్సరు మైక్రోఫోనుకు వలయు 48 వోల్టులను మదర్‌బోర్డు ఈయదు. క్యాసెట్టు యంత్రమును లైన్ ఇన్‌పుట్టునకే కలుపవలెను. డెస్క్‌టాపులలో సాధారణముగ అది నీలిరంగు రంధ్రము. గులాబిరంగు మైక్రోఫోను రంధ్రమున కలిపినచో గొంతు పగిలినట్లగును. నేటి లాప్‌టాపులలో పెక్కింటికి లైన్ ఇన్‌పుట్టే లేదు. అట్టివారికి వెలుపలి సాధనము విలాసము కాదు.

క్యాసెట్టు పెట్టుటకు ముందు యంత్రపు హెడ్డును ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో తుడిచి ఆరనిండు. ధ్వని సూచిక ఎరుపునంటకుండ ఉంచుడు. తొలి ప్రతిని వేవ్ ఫైలుగనే దాచుడు, ఎం.పి.త్రీగా కుదించుట ఆ తరువాతి పని.