ముట్లుడుగు వయస్సు, గర్భసంచిలో గడ్డలు, హార్మోను మందులు

(మహిళా విభాగము ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఉగాది సభలో సాహిత్యమును గూర్చియో, సంగీతమును గూర్చియో మాట్లాడుట వాడుక. ఈసారి స్త్రీల ఆరోగ్యమును గూర్చి చెప్పుమని మహిళా విభాగమువారు మమ్ము కోరినారు. సభ్యురాండ్రు తమ సందేహములను చీటీల మీద వ్రాసి పంపినారు. వానిలో ఎక్కువ చీటీల సారాంశము ఇది: "ముట్లు ఆగే వయస్సు వచ్చినది. ఒళ్లంతా వేడి ఆవిర్లు, రాత్రి నిద్ర లేదు. గర్భసంచిలో గడ్డలున్నవి. హార్మోను మందు వేసికొనవచ్చునా? వేసికొంటే గడ్డలు పెరుగుతాయా?" ఈ ఒక్క ప్రశ్ననే తీసికొని, మేము వైద్యవృత్తిలో నేర్చుకొన్నంతవరకు మీ ముందు పెట్టుచున్నాము.

ముందుగా మాటల సంగతి. మన తెలుగులో "ముట్లుడుగుట" అన్న చక్కని మాట ఉన్నది. కన్నడములోను ముట్టు ముట్టే. గడ్డ వారికి గడ్డె. కనుక తరతరాలుగా ఈ కన్నడ సీమలో స్థిరపడిన మనకు, ఇక్కడి డాక్టరమ్మతో చెప్పుకొనుటకు మాటలకు కొదవ లేదు. కొదవ ఉన్నదల్లా నోరు తెరచుటకే. "మా అమ్మ ఓర్చుకొన్నది, మా అత్తగారు ఓర్చుకొన్నారు" అనుకొంటూ ఏండ్ల తరబడి నిద్ర లేక, చిరాకుపడుతూ, ఇంటివారిచేత చిరాకు మనిషి అనిపించుకొంటున్న సోదరీమణులు ఎందరో ఉన్నారు.

వరుసగా 12 నెలలు ముట్టు రాకుంటే ముట్లుడిగినట్లు లెక్క. పాశ్చాత్య దేశములలో ఇది సగటున 51వ ఏట జరుగుతుంది; మన దేశములో 46, 47 ఏండ్ల ప్రాంతముననే. అండాశయములలో ఊరే ఈస్ట్రోజెను తగ్గుటే దీనికి కారణము. ఆవిర్లు, రాత్రి చెమటలు, గుండె దడ, మర్మస్థానమున పొడి, మూత్రమునకు పోవునపుడు మంట – ఇవన్నీ దాని ఫలితములే. ఎముకల బలము కూడ తగ్గుతూ వస్తుంది.

ఇక గడ్డలు. డాక్టర్లు వీనిని ఫైబ్రాయిడ్లు అంటారు. గర్భసంచి కండరములో పుట్టే ముద్దలివి. గడ్డ అనగానే క్యాన్సరు అని గుండె ఝల్లుమంటుంది కాని, వీనిలో క్యాన్సరు మిక్కిలి అరుదు. 2003లో వెలువడిన ఒక అమెరికా పరిశీలనలో, 50 ఏండ్లు వచ్చుసరికి నూటికి 70 మందికి పైగా స్త్రీలలో ఇవి ఉన్నట్లు తేలినది. అనేకులకు ఉన్నట్లే తెలియదు. ఈస్ట్రోజెను, ప్రొజెస్టెరోను అనే రెండు హార్మోనులు వీనికి ఆహారము. ముట్లుడిగిన తరువాత ఆహారము తగ్గి, గడ్డలు మెల్లగా ముడుచుకొంటాయి.

చీటీలోని భయమునకు మూలము ఇక్కడనే ఉన్నది. ముడుచుకొనబోయే గడ్డకు మందు రూపమున మరల ఆహారము పెట్టినట్లు కాదా? ప్రశ్న న్యాయమైనదే. అనుభవములో తేలినదేమంటే, హార్మోను మందు వాడువారిలో కొందరికి గడ్డ కొద్దిగా పెరుగవచ్చును; ఎక్కువమందిలో ఆ పెరుగుదల బాధపెట్టునంత ఉండదు. ముట్లుడిగినపుడు వాడు హార్మోనులు, పిల్లలు వద్దనుకొని వేసికొను మాత్రల కంటె తక్కువ బలము గలవి. కనుక గడ్డ ఉన్నంత మాత్రమున ఈ మందు నిషిద్ధము కాదు. గడ్డ ఎక్కడ ఉన్నది, ఎంత ఉన్నది, ఏమి బాధపెట్టుచున్నది అన్నదే ముఖ్యము. గర్భసంచి వెలుపలి వైపున ఉన్న చిన్న గడ్డ సాధారణముగా జోలికి రాదు. లోపలి పొరను ఒత్తుచున్న గడ్డ చిన్నదైనను రక్తస్రావము తెప్పించగలదు. అందుచేత మందు మొదలు పెట్టుటకు ముందు అల్ట్రాసౌండు పరీక్ష చేయించుకొని, కొలతలు వ్రాయించుకొని, ఆ కాగితమును భద్రపరచుకొనవలెను. తరువాతి పరీక్షలో పోల్చి చూచుటకు అదే ఆధారము.

గర్భసంచి ఉన్న స్త్రీ ఈస్ట్రోజెను ఒక్కటే వాడరాదు. గర్భసంచి లోపలి పొర మందమై, కాలక్రమమున క్యాన్సరుకు దారి తీయవచ్చును. దానికి తోడుగా ప్రొజెస్టెరోను జాతి మందు ఉండి తీరవలెను. చర్మము మీద అంటించు పట్టీగాని, పూయు జెల్లుగాని మాత్ర కంటె రక్తము గడ్డకట్టు ప్రమాదమును తక్కువ కలిగిస్తుంది. మర్మస్థానమున పొడి, మంట మాత్రమే బాధ అయినచో అక్కడ వాడు తక్కువ మోతాదు ఈస్ట్రోజెను క్రీము చాలును. అది రక్తములోనికి చేరునది బహు స్వల్పము.

"ఈ మందు వల్ల రొమ్ము క్యాన్సరు వస్తుందట కదా?" అని మరికొన్ని చీటీలు. అమెరికాలో 16,608 మంది స్త్రీలపై జరిగిన పెద్ద పరిశీలనను 2002లో మధ్యలోనే ఆపివేసినారు. ఆ వార్తతో లోకమంతా బెదరినది. దాని అంకెలు వినండి. 10,000 మంది ఏడాదిపాటు రెండు హార్మోనులు కలిపి వాడితే, వాడనివారి కంటె రొమ్ము క్యాన్సరు 8 మందికి, పక్షవాతము 8 మందికి, గుండెజబ్బు 7 మందికి ఎక్కువ వచ్చినవి. తుంటి ఎముక విరుగుట 5 మందికి తగ్గినది. అయితే అందులో చేరినవారి సగటు వయస్సు 63. తరువాతి విచారణలో, 60 ఏండ్ల లోపువారికి, లేక ముట్లుడిగి 10 ఏండ్లు దాటనివారికి, బాధ తీవ్రముగా ఉన్నచో మేలే ఎక్కువ అని వైద్యసంఘములు తీర్మానించినవి. ప్రమాదము లేదని కాదు, చిన్నదని అర్థము. చిన్న ప్రమాదమును ఎవరి బాధను బట్టి వారు తూచుకొనవలెను.

కొందరికి మాత్రము ఈ త్రాసు పట్టవలసిన పనియే లేదు. రొమ్ము క్యాన్సరు వచ్చినవారు, కాళ్లలోగాని ఊపిరితిత్తులలోగాని రక్తము గడ్డకట్టినవారు, పక్షవాతము, గుండెపోటు వచ్చినవారు, కాలేయము చెడినవారు, కారణము తేలని రక్తస్రావము ఉన్నవారు సాధారణముగా దీనిని వాడరాదు. వారికి హార్మోను కాని మందులు కొన్ని ఉన్నవి. ఆవిర్లకై ఫెజోలినెటాంట్ అనే మందును అమెరికాలో 2023లో అనుమతించినారు.

ఇక మేము గట్టిగా చెప్పదలచిన మాట. "పిల్లలు పుట్టినారు, ఇక సంచి ఎందుకు, తీయించేస్తే పీడ పోతుంది" అను సలహా మన కుటుంబములలో సులభముగా చెల్లుతుంది. 2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 15 నుండి 49 ఏండ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకొన్నవారు దేశమున నూటికి 3 మంది కాగా, ఆంధ్రప్రదేశములో సుమారు 9 మంది, తెలంగాణలో సుమారు 8 మంది. బంధువుల ఊళ్లలో అందరు చేయించుకొన్నారని మనమును చేయించుకొనుట సబబు కాదు. శస్త్రచికిత్స అవసరమైన గడ్డలు నిజముగా ఉన్నవి. కాని ముట్లుడుగుటకు ఏడాదో రెండేళ్లో ఉన్న స్త్రీకి, గడ్డ బాధపెట్టనపుడు, వేచియుండుట కూడ ఒక చికిత్సయే. తీయవలసి వచ్చినను, "అండాశయములు కూడ తీస్తారా, ఎందుకు?" అని అడుగండి. అవి ముందే పోతే ముట్లుడుగు బాధలన్నియు ఒక్కసారిగా వచ్చి మీద పడతాయి. అట్టి పడుచు స్త్రీలకు, వేరే అడ్డు లేనిచో, సహజముగా ముట్లుడుగు వయస్సు వరకు హార్మోను ఇచ్చుటయే మంచిదని వైద్యుల అభిప్రాయము.

ఒక్క హెచ్చరిక మరువకండి. ముట్లుడిగిన ఏడాది తరువాత ఒక్క చుక్క రక్తము కనిపించినను పరీక్ష చేయించుకొనండి. మందు మొదలైన తొలి నెలలలో కొద్దిగా మరక కనిపించుట కద్దు. ఆరు నెలలు దాటినను ఆగకున్నా, ఎక్కువైనా ఊరకుండరాదు. హార్మోను వాడకయే, ముట్లుడిగిన పిదప గడ్డ పెరుగుచున్నచో దానిని వెంటనే చూపించవలెను. "గడ్డ ఉన్నది కదా, అందువల్లనే" అని సరిపెట్టుకొనకండి.

కనుక డాక్టరు వద్దకు పోవునపుడు ఈ ప్రశ్నలు తెలుగులోనే వ్రాసికొని పోండి: నా గడ్డ ఎక్కడ, ఎంత? నాకు ఏ రూపమున మందు మేలు? మరల ఎన్నడు చూపించుకొనవలెను? ఏ గుర్తు కనిపిస్తే మందు ఆపవలెను? భాష సందేహమైతే ఇక్కడి బడిలో చదువుకొన్న కూతురినో కోడలినో వెంట తీసికొని పోండి. రేపు ఆ వయస్సు వారికీ వస్తుంది. వినుట వారికీ మంచిదే.

సోదరులకు ఒక్క మనవి. ఇంటి ఇల్లాలు రాత్రి లేచి కిటికీ తెరచి కూర్చుంటే ఏమైనదని అడుగండి. తీర్మానము ఆమెది, తోడు మీది.