హ్యాకథాన్‌లో మార్కులు ఎవరు వేస్తున్నారు?



హ్యాకథాన్ అనగానే అందరూ కోడింగ్ గురించే మాట్లాడతారు. నేను మార్కుల కాగితం గురించి మాట్లాడతాను.

2017లో మొదలైన స్మార్ట్ ఇండియా హ్యాకథాన్‌నే తీసుకోండి. ఆరుగురు విద్యార్థుల జట్టు, అందులో కనీసం ఒక అమ్మాయి ఉండాలని నిబంధన. సాఫ్ట్‌వేర్ ఫైనల్ 36 గంటలు. అయితే అక్కడిదాకా పోవాలంటే ముందు సొంత కాలేజీలో నెగ్గాలి, తర్వాత నిర్ణీత నమూనాలో పంపిన స్లైడ్లు నెగ్గాలి. అంటే పనిచేసే వస్తువును ఎవరూ చూడకముందే ఎక్కువ జట్లు ఇంటిదారి పడతాయి. ఏటా ఫైనల్‌కు వెళ్లే కాలేజీలో సీనియర్ల పాత స్లైడ్లు ఉంటాయి, దిద్దిపెట్టే సార్లుంటారు. ఇంట్లో మొదటిసారి ఇంజనీరింగ్ చదువుతున్న పిల్లకు ఆ ఆస్తి లేదు. దాన్నే మనం మెరిట్ అంటున్నాం.

ఒక కాలేజీ పోటీలో నేను మెంటర్‌గా ఉన్నాను. మ్యాన్‌హోల్‌లో విషవాయువును పసిగట్టే సెన్సర్‌తో రెండు జట్లు వచ్చాయి. ఒక జట్టుది చక్కటి ఇంగ్లీషు, డెమో మాత్రం వీడియో. రెండో జట్టు సగం తెలుగులో చెప్పింది, పరికరం అక్కడే మోగింది. జడ్జి అడిగిన ప్రశ్న: "దీనికి మార్కెట్ ఎంత?" ఆ అమ్మాయి, "మనిషి దిగకూడదని చట్టం ఉంది కదా సార్, మార్కెట్ ఉండకూడదు" అంది. హాల్లో నవ్వారు. బహుమతి వీడియోకు వెళ్లింది.

ఆమె చెప్పింది అక్షరాలా నిజం. రక్షణ లేకుండా మురుగు కాలువల్లోకి, సెప్టిక్ ట్యాంకుల్లోకి మనుషుల్ని దించడాన్ని 2013 చట్టం నిషేధించింది. చనిపోయినవారి కుటుంబానికి 10 లక్షలు ఇవ్వాలని 2014లో సుప్రీంకోర్టు చెప్పింది. 2023లో దాన్ని 30 లక్షలు చేసింది. దిగే మనిషికి సెన్సర్ కట్టడం వేరు, అసలు మనిషే దిగకుండా చేయడం వేరు. కేరళ యువ ఇంజనీర్ల బాండికూట్ రోబో రెండో దారి పట్టింది. 'ఈ సమస్యను ఇలా అడగడం సరైనదేనా' అనే గడి మార్కుల కాగితంలో ఉండదు. 'వాడేవారి అనుభవం' అనే గడి ఉంటుంది, దానికి మార్కులు వేసేది ఎన్నడూ వాడనివాళ్లు!

ఇది మన దేశపు జబ్బే కాదు. అమెరికాలో ఎంఐటీ 2014లో బ్రెస్ట్ పంపుల మీద హ్యాకథాన్ పెట్టింది. 2018లో మళ్లీ పెట్టినప్పుడు నల్లజాతి తల్లులను, తక్కువ ఆదాయమున్న తల్లులను మధ్యలోకి తెచ్చుకుంది. అక్కడ చేయగలిగారు.

ఇక్కడ నేను కోరేది పెద్దదేం కాదు. మొదటి వడపోతలో కాలేజీ పేరు దాచండి. తెలుగులో చెబితే మార్కు పోదని ముందే ప్రకటించండి. వీడియో కాదు, వస్తువు నడవాలి. పారిశుద్ధ్యం మీద పోటీ అయితే జడ్జీల బల్ల దగ్గర ఒక సఫాయి కార్మికురాలు కూర్చోవాలి, సన్మానానికి కాదు, మార్కులు వేయడానికి. మిగతా జడ్జీలకిచ్చే గౌరవ వేతనమే ఆమెకూ ఇవ్వాలి. ఓడిన ప్రతి జట్టుకూ తన మార్కుల కాగితం చేతికివ్వాలి.

ఈ ఐదూ రాసిన వినతిపత్రం బయట బల్ల మీద పెట్టాం. వచ్చే పోటీ ప్రకటన రాకముందే డీన్‌గారికి ఇస్తున్నాం, వెళ్లేటప్పుడు సంతకం చేసి వెళ్లండి.