గుమ్మానికి అటొకటి, ఇటొకటి
(రేడియో ప్రసంగ పాఠం)

  

నేటి ధ్యానాంశం మీకు కొంచెం వింతగా తోచవచ్చు. మనం కట్టుకునే బట్ట, మనం సర్దుకునే ఇల్లు, ఆ ఇంట్లో భార్యాభర్తల కాపురం. "అయ్యగారూ, ఇవి కూడా ప్రసంగానికి పనికివచ్చే సంగతులేనా?" అని మీరడగవచ్చు. సంఘస్థుల ఇళ్ళకు ప్రార్థనకు వెళ్ళే ప్రతి సేవకునికీ తెలుసు. చాలా ఇళ్ళల్లో తగాదా సిద్ధాంతం దగ్గర మొదలుకాదు. చీర దగ్గర మొదలవుతుంది. గోడ రంగు దగ్గర మొదలవుతుంది. "ఎవరినడిగి కొన్నావు?" అనే ఒక్క మాట దగ్గర మొదలవుతుంది. పేచీ అక్కడ పుడుతున్నప్పుడు వాక్యపు వెలుగు కూడా అక్కడికే రావాలి గదా!

మొదట ఒక మాట స్థిరం చేసుకుందాం. అందం పాపం కాదు. ఆదికాండము 3వ అధ్యాయం చివర జాగ్రత్తగా చదవండి. పాపం చేసి, సిగ్గుపడి, ఆకులు కుట్టుకున్న మొదటి దంపతులకు చర్మపు చొక్కాలు చేసి తొడిగించినది ఎవరు? దేవుడే. వారిని తోటనుండి పంపివేయకముందే వారికి బట్టలు చేయించాడు. నిర్గమకాండము 28వ అధ్యాయంలో అహరోను వస్త్రాల గురించి చెప్పేటప్పుడు, అవి ఘనతకూ అలంకారానికీ ఉండాలని దేవుడే ఆజ్ఞాపించాడు. 31వ అధ్యాయంలో బెసలేలు కనబడతాడు. బంగారం, వెండి, ఇత్తడి పనిచేసేవాడు, రత్నాలు చెక్కేవాడు, కొయ్యపని తెలిసినవాడు. అతడు దేవుని ఆత్మతో నింపబడ్డాడని వాక్యం చెబుతోంది. ఒక పనివాని చేతులమీద దేవుని ఆత్మ! కాబట్టి ముగ్గురు కూర్చునే ఇంటిని శుభ్రంగా ఊడ్చి, కిటికీకి ఒక తెర కుట్టి వేసుకున్న ఇల్లాలిని లోకసంబంధి అని పిలవడానికి మనకు అధికారం లేదు.

అయితే అపొస్తలుడైన పేతురు మాటేమిటి? 1 పేతురు 3వ అధ్యాయం 3, 4 వచనాలు మనకందరికీ కంఠతా వచ్చు. జడలు అల్లుకోవడం, బంగారు నగలు పెట్టుకోవడం, బట్టలు ధరించడం అనే బయటి అలంకారం మీద స్త్రీ ఆధారపడకూడదనీ, సాధువైన మృదువైన మనస్సు దేవుని దృష్టికి విలువైనదనీ అక్కడ ఉంది. గమనించండి, నగలతోపాటు బట్టలు కూడా ఆ వరుసలోనే ఉన్నాయి. బట్టలు మానివేయమని పేతురు చెప్పడంలేదు గదా! నీ విలువ దేనిలోనుండి వస్తున్నదని అడుగుతున్నాడు. చీరలోనుండా, హృదయంలోనుండా?

పురుషులారా, ఇప్పుడు మనతో ఒక మాట. మనం ఆ రెండు వచనాలూ మన భార్యలకు చదివి వినిపిస్తాం. 7వ వచనం వచ్చేసరికి గ్రంథం మూసేస్తాం! అక్కడ భర్తలకు చెప్పబడిన మాట ఉంది. భార్యను జ్ఞానముతో ఎరిగి కాపురం చేయాలి, జీవమనే కృపలో ఆమె నీతోపాటు సమాన వారసురాలు గనుక ఆమెను సన్మానించాలి. లేకపోతే ఏమవుతుందో కూడా ఉంది. నీ ప్రార్థనలకు ఆటంకం కలుగుతుంది. భార్య జడ సంగతి చెప్పిన పేతురే భర్త ప్రార్థన సంగతి కూడా చెప్పాడు.

ఇది నేను మీకు చెప్పేముందు నాకు చెప్పుకోవలసిన మాట. మా పెళ్ళయిన కొత్తలో నా భార్య పుట్టింటినుండి ఒక నీలిరంగు పట్టుచీర తెచ్చుకుంది. ఆ ఏడు ధాన్యం అమ్మిన డబ్బుతో మా మామగారు కొని ఇచ్చిన చీర. మొదటి ఆదివారం ఆమె అది కట్టుకుని బయటికి వస్తే నేను అన్నాను, "సేవకుని భార్యవి. రంగు చీర కడితే సంఘం ఏమనుకుంటుంది?" ఆమె మారు మాట్లాడలేదు. లోపలికి వెళ్ళి తెల్లచీర కట్టుకుని వచ్చింది. ఆ పట్టుచీర పెట్టె అడుగుకు పోయింది. నేను దానిని పరిశుద్ధత అనుకున్నాను.

ఏళ్ళు గడిచాయి. మా అమ్మాయి పెళ్ళి కుదిరినప్పుడు నాకే గుర్తొచ్చి, "ఆ నీలం చీర కట్టుకోరాదూ" అన్నాను. పెట్టె తీశాం. విప్పితే మడత మడతకీ పట్టు చీలిపోయి ఉంది. ఆమె దానిని ఒళ్ళో పెట్టుకుని కాసేపు కూర్చుంది. అప్పటికి మా మామగారు కూడా లేరు. తరువాత మెల్లగా అన్నది, "మీరు ఇది దేవుడు చూస్తాడని దాయించలేదండీ. మనుషులు చూస్తారని దాయించారు."

శ్రోతలారా, ఆ మాట నన్ను నిలువునా కోసింది. ఎందుకంటే అది నిజం. నేను ఆమె చేత బయటి అలంకారం మాన్పించాననుకున్నాను. మాన్పించలేదు. తెల్లచీరనే నా అలంకారంగా చేసుకున్నాను. సంఘం ముందు నా పేరు మెరవాలని ఆమె మనస్సును పెట్టెలో పెట్టి తాళం వేశాను. ఖరీదైన చీరలోనే గర్వం ఉంటుందనుకోకండి. సాదా చీరలో కూడా ఉంటుంది, అది కట్టించినవాని గుండెలో కూడా ఉంటుంది. ఆ రాత్రి మోకాళ్ళమీద నేను మొదట దేవుని క్షమాపణ అడిగాను. తరువాత లేచి ఆమెను క్షమాపణ అడిగాను. రెండవదే కష్టమైంది.

మరి ఇల్లు సర్దుకోవడంలో మాదిరి ఎక్కడ చూద్దాం? 2 రాజులు 4వ అధ్యాయంలో షూనేములో ఒక దంపతులున్నారు. ఎలీషా ప్రవక్త ఆ దారిన వచ్చినప్పుడల్లా వారి ఇంట భోజనం చేసేవాడు. ఆ ఇల్లాలు భర్తతో సంప్రదించింది. గోడమీద ఒక చిన్న గది కట్టించి, అందులో నాలుగు వస్తువులు పెడదామన్నది. ఒక మంచం, ఒక బల్ల, ఒక పీట, ఒక దీపస్తంభం. అంతే! ఆమె ధనవంతురాలని లేఖనమే చెబుతోంది. ఇంకా ఎన్నో పెట్టగలదు. కానీ వచ్చే మనిషికి ఏమి కావాలో ఆలోచించింది. పడుకోవాలి, భోంచేయాలి, కూర్చోవాలి, రాత్రి చదువుకోవడానికి వెలుగు కావాలి. ఆమె గదిని సర్దింది చుట్టాలు చూసి మెచ్చుకోవాలని కాదు, ఒక అలసిన మనిషి విశ్రాంతి పొందాలని. భర్తకు తెలియకుండా చేయలేదు, భర్త కాదనలేదు. తరువాత వారి ఏకైక కుమారుడు చనిపోయినప్పుడు ఆమె ఆ పిల్లవానిని పండుకోబెట్టినది ఆ గదిలోనే, ఆ మంచం మీదనే. దేవుడు అతనిని తిరిగి బ్రతికించి ఇచ్చినది కూడా అక్కడే. ప్రేమతో, ఏకమనస్సుతో సర్దిన గదిలోకి దేవుని శక్తి దిగివచ్చింది.

సంఘచరిత్రలోనుండి ఇంకొక జంటను చూపిస్తాను. మార్టిన్ లూథర్ గారు పేరు వినని క్రైస్తవులు తక్కువ. 1842లో గుంటూరు వచ్చిన హయ్యర్ దొరగారి సేవ ద్వారా ఆ లూథరన్ సంఘపు వేరు మన తెలుగు నేలలో కూడా పాతుకుంది. లూథర్ గారు 1525 జూన్ 13న కాథరీనా అనే ఆమెను వివాహం చేసుకున్నారు. ఆయన పూర్వం సన్యాసి. ఆమె 1523లో కన్యల మఠం విడిచి వచ్చిన స్త్రీ. ఆయనకు అప్పుడు 41, ఆమెకు 26 ఏళ్ళు. పెళ్ళికి ముందు సంవత్సరం పాటు తన పడక సర్దినవారే లేరని ఆయనే తరువాత చెప్పుకున్నారు. విట్టెన్‌బర్గ్‌లో ఖాళీ అయిన మఠమే వారి కాపురపు ఇల్లు. ఆమె ఆ రాతి గదులను ఇల్లుగా మార్చింది. తోట వేసింది, పశువులను మేపింది, విద్యార్థులకూ అతిథులకూ వండిపెట్టింది.

1540లో ఆమె ఆ ఇంటికి ఒక రాతి ద్వారం చేయించింది. భర్త జన్మదినానికి ఆమె ఇచ్చిన కానుక అని చెబుతారు. నేటికీ ఆ ద్వారం అక్కడ నిలిచే ఉంది. గుమ్మానికి అటొకటి, ఇటొకటి, రాతిలోనే చెక్కిన రెండు ఆసనాలు. ఒకదానిపైన లూథర్ గారి రూపం, రెండవదానిపైన ఆయన ముద్ర అయిన గులాబీ పువ్వు. మన పాత ఇళ్ళ వీధి గుమ్మానికి రెండు వైపులా ఉండే అరుగులు గుర్తుకు రావడం లేదూ? ఆమె చేయించిన అలంకారం ఏమిటో చూడండి. ఇద్దరు కూర్చునే చోటు! ఒకరు సింహాసనం మీద, ఒకరు క్రింద కాదు. అటొకరు, ఇటొకరు, ఒకే ఎత్తున.

ఆ ద్వారం నిలిచిన రెండేళ్ళకు, 1542లో, వారి 13 ఏళ్ళ కుమార్తె మగ్దలేనా చనిపోయింది. ఇల్లు అందంగా ఉన్నంతమాత్రాన దుఃఖం గుమ్మం బయట ఆగిపోదు. కానీ దుఃఖం వచ్చిన నాడు ప్రక్కన కూర్చునే మనిషి ఉన్న ఇల్లు వేరు, లేని ఇల్లు వేరు.

ఇక ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. యిర్మీయా 22వ అధ్యాయంలో యెహోయాకీము రాజు విశాలమైన మేడ కట్టుకున్నాడు. కిటికీలు పెట్టించాడు, దేవదారు పలకలు కొట్టించాడు, ఎర్రరంగు పూయించాడు. దేవుడు ఆ రంగును తప్పుపట్టలేదు. పనివారికి కూలి ఇవ్వకుండా కట్టించాడని అతనికి శ్రమ ప్రకటించాడు. మన ఇంటి అందం వెనుక ఎవరి కన్నీరు ఉంది? మన టీవీ మీద, బల్ల మీద పరిచే లేసు గుడ్డ సంగతే చూడండి. 19వ శతాబ్దంలో మిషనరీలు గోదావరి ప్రాంతపు స్త్రీలకు నేర్పిన పని అది. నరసాపురం లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. కానీ ఇంట్లో కూర్చుని కళ్ళు కాయలు కాచేలా అల్లే స్త్రీకి దక్కే కూలి ఎంత స్వల్పమో మరియా మీస్ అనే పరిశోధకురాలు 1982లో ఒక పుస్తకమే వ్రాసింది. మనం కొనేటప్పుడు పది రూపాయల దగ్గర గీచి గీచి బేరమాడతాం. రంగులు వేసిన కూలివానిని రేపు రా, ఎల్లుండి రా అని తిప్పుతాం. ఆ గోడకు తరువాత వాగ్దాన వాక్యపు క్యాలెండరు తగిలిస్తాం! ఇది దేవునికి ఇష్టమా? అలాగే ఎదురింటివారికి సోఫా వచ్చిందని మనమూ వాయిదాల మీద తెచ్చి, నెల నెలా ఆ వాయిదా దగ్గర భార్యాభర్తలు కొట్లాడుకుంటే, ఆ సోఫాలో కూర్చోవడానికి సమాధానం ఎక్కడ మిగులుతుంది? ప్రేమ ఉన్నచోట ఆకుకూర భోజనమే మేలని సామెతలు 15వ అధ్యాయం మనకు నేర్పిస్తుంది.

ప్రియ సహోదరులారా, సహోదరీలారా, ఈ వారం మూడు పనులు చేయండి. మొదటిది, ఇంటికి ఏ వస్తువు కొన్నా ఇద్దరూ కూర్చుని మాట్లాడుకుని, ప్రార్థించి కొనండి. షూనేము దంపతులవలె, అది ఎవరి విశ్రాంతికి పనికివస్తుందని అడగండి. రెండవది, మీ ఇంటికి పనిచేసిన వారి కూలి బాకీ ఉంటే రేపే చెల్లించండి. మూడవది, సాయంత్రం ఒక పావుగంట టీవీ కట్టేసి, అరుగు మీదనో, మెట్ల మీదనో, రెండు కుర్చీలు వేసుకునో ప్రక్క ప్రక్కన కూర్చోండి. భర్తలారా, ఆమె కట్టుకున్న చీర బాగుంటే బాగుందని చెప్పండి. భార్యలారా, ఆయన చొక్కా కాలరు చిరిగితే ఎగతాళి చేయకుండా కుట్టి ఇవ్వండి. మీ ఇంట్లో పెట్టె అడుగున ఏదైనా దాచిపెట్టబడి ఉంటే, చీర కావచ్చు, చెప్పుకోలేని మాట కావచ్చు, మడతల్లో చీలిపోకముందే బయటికి తీయండి.

ప్రార్థన చేసుకుందాం. పరిశుద్ధుడవైన తండ్రీ, మొదటి దంపతుల సిగ్గును కప్పిన దేవా, మా సిగ్గును నీ కుమారుని నీతితో కప్పినందుకు స్తోత్రం. మా ఇళ్ళల్లో ఒకరినొకరు గాయపరచిన మాటలను క్షమించు. మా గోడలకంటె ముందు మా హృదయాలను శుభ్రపరచు. ఈ మాటలు విన్న ప్రతి భార్యనూ, ప్రతి భర్తనూ ఒకే ఎత్తున నీ సన్నిధిలో కూర్చోబెట్టు. ఒంటరిగా మిగిలిపోయినవారి ప్రక్కన నీవే కూర్చోమని యేసు నామంలో వేడుకుంటున్నాము తండ్రీ, ఆమేన్.