బొమ్మ తుపాకికి నారింజ మొన

మన దీపావళి రీలు తుపాకిని చూచి నిజమైనదని భ్రమపడువారుండరు. దాని రేకే దాని గుట్టు చెప్పును. అమెరికాలో 1984లో వెలువడిన మెగట్రాన్ బొమ్మ అట్టిది కాదు. అది మరమనిషి, మడిచినచో వాల్థర్ పి-38 పిస్తోలగును. ఇట్టి బొమ్మలను అపురూపముగా దాచుకొను పెద్దల నడుమ వివాదమొకటి కలదు: వీనికి భద్రతా చిహ్నము వలయునా?

1988లో అచట చట్టమైనది. 1989 మే 5 నుండి క్రొత్తగా తయారగు బొమ్మ తుపాకి గొట్టపు కొసలో నారింజరంగు బిరడా శాశ్వతముగా బిగించియుండవలెను. అది అంచునుండి 6 మిల్లీమీటర్లకంటె లోతున ఉండరాదు. 1898కి పూర్వపు తుపాకులను పోలిన, పేలని ప్రతిరూపములకు మినహాయింపు కలదు.

బిరడాతో అసలు రూపు చెడునని కొందరు సేకర్తల బాధ. రంగును చెరిపివేయవచ్చును గదా, దొంగ తన నిజమైన తుపాకికే ఆ రంగు పూయవచ్చును గదా యని మరికొందరి వాదము. ఇది త్రోసిపుచ్చదగినది కాదు. 2014 నవంబరు 22న క్లీవ్‌లాండు ఉద్యానమున 12 ఏండ్ల తమీర్ రైస్ చేతనున్న బొమ్మ తుపాకికి నారింజ మొన లేదు. పోలీసు బండి వచ్చిన రెండు సెకనులలోనే కాల్పులు జరిగినవి. మరునాడు బాలుడు మరణించెను. అంత స్వల్ప వ్యవధిలో చిహ్నమున్నను కంటబడునా? అడుగవలసిన ప్రశ్నయే. అయినను, ఆ కాస్త అవకాశమును తీసివేయుటకు మాకు మనసొప్పదు.

అద్దాల బీరువాలోని ప్రాత బొమ్మకు రంగు పూయుమని మేమనము. అమ్మకమునకు బయలుదేరిన నాడు మాత్రము అది ఏ పిల్లవాని చేతికి చేరునో అమ్మినవానికి తెలియదు.